ఒక్క ఏడుకిచ్చిన పద్యం

జనం పద్యానికి నవ్వారా, పద్యంలోని మనిషిని చూసి నవ్వారా అన్న సందేహం ఆర్డీలియా ప్రూయిట్‌ను చాలా ఏళ్లుగా పట్టుకుని ఉంది. ఎవరితోనూ చెప్పుకోలేదు. పాస్టరుగారికి చెబితే ఒక వాక్యం చదివి, తలమీద చెయ్యి వేసి పంపించేస్తారు. భర్త బతికి ఉన్న రోజుల్లో ఒకసారి చెప్పబోతే, "నవ్వారు కదా, నీకేం పోయింది?" అన్నాడు. అందుకని తెల్లవారి ప్రార్థనలో, ఇంట్లోవాళ్ల పేర్లన్నీ అయ్యాక, ఆఖర్న దేవుణ్ణే అడిగేది. ఆయన ఇంతవరకు జవాబివ్వలేదు. ఇచ్చాడేమో, తనకే వినపడలేదేమో అని కూడా అనుకునేది.

మౌంట్ నెబో చర్చిలో ఒకప్పుడు పద్యాలకు సొంతదారులుండేవారు. కెంటకీలో పొగాకు పండే ఆ చిన్న ఊళ్లో ఆగస్టు ఎనిమిది నల్లవాళ్లకు పెద్ద పండుగ. తాతముత్తాతల సంకెళ్లు తెగిన రోజు. పొద్దున ఆరాధన, మధ్యాహ్నం చర్చి వెనక నిప్పుల గోతి మీద కాల్చిన గొర్రె మాంసం, కడుపులు నిండాక పద్యాలు. అవి పాతకాలపు నల్ల కవులు పొలంలో, వంటింట్లో మాట్లాడుకునే యాసలోనే రాసినవి. కంచరగాడిదతో వేగలేని రైతు పద్యం ఒక బ్రదర్‌ది. పెళ్లికి ఆలస్యంగా వచ్చిన పెళ్లికొడుకు పద్యం ఇంకో సిస్టర్‌ది. ఒకరి పద్యం జోలికి మరొకరు వెళ్లేవారు కారు. మనిషి పోతే ఆ ఇంటివాళ్లు ఎవరి నోటికి నప్పుతుందో చూసి వాళ్లకిచ్చేవారు. పుస్తకంలో ఉందో లేదో ఎవరూ పట్టించుకునేవారు కారు, నోట్లో ఉంటే చాలు.

బట్టలుతికే ఆమె పద్యం వెర్నెల్ టాండీది. తల్లి దగ్గర్నుంచి ఆమెకు వచ్చింది. దొరల ఇంటి దుప్పట్లు ఉతికి తాడుమీద ఆరేసిన ఒక ముసలామె, కమ్ముకొస్తున్న మబ్బుతో పెట్టుకున్న తగాదా అది.

"మబ్బయ్యా, మబ్బయ్యా, ఆగిపోవయ్యా,
దొరసాని దుప్పట్లు ఆరనేదయ్యా.
సబ్బరిగిపోనాది, సేతులరిగిపోనాయి,
నీకేటి తొందర, నీళ్లు దాసుకోవయ్యా."

వెర్నెల్ దాన్ని తెల్ల చేతి తొడుగులు వేసుకుని, ఆదివారం టోపీ పెట్టుకుని, సాక్ష్యం చెబుతున్నట్టు నిలబడి చెప్పేది. జనం మధ్యలో చిన్నగా నవ్వేవారు, ఆఖర్న ఊరుకునేవారు.

ఒక ఏడు వసంతంలో వెర్నెల్ చంటిపిల్ల జ్వరంతో పోయింది. ఆగస్టు దగ్గర పడ్డాక వెర్నెల్ ఆర్డీలియా ఇంటికి వచ్చి, గుమ్మంలోనే నిలబడి, "ఈ ఏడు నావల్ల కాదే ఆర్డీ. నువ్వు చెప్పు. వచ్చే ఏడు తీసుకుంటాలే," అంది. ఆర్డీలియా అప్పుడే మూడో తరగతి పిల్లలకు టీచరుగా చేరింది. పిల్లల్ని నవ్వించడం ఆమెకు చేతనైన విద్య. తలకు గుడ్డ చుట్టుకుంది, నడుముకు మాసిన వంటగుడ్డ కట్టుకుంది, ఇంట్లో తొట్టి ఒకటి మోసుకెళ్లింది. మబ్బు వైపు కళ్లు తిప్పింది, నడుం మీద చేతులు పెట్టి గంతేసింది. జనం పొట్ట పట్టుకుని నవ్వారు. ఆఖరి చరణం ఇంకా మిగిలి ఉంది. ఆ చరణంలో తాడు చివర ఆరేసిన చిన్న గౌను ఉంది, దాన్ని తొడుక్కునే పిల్ల లేదు. ముందు వరసలో వెర్నెల్ కూర్చుని ఉంది. ఇంత నవ్వు మీద ఆ మాట ఎలా వేయను, ఆమె గుండె ఎలా కోయను అనుకుని, ఆర్డీలియా అక్కడే వంగి దండం పెట్టేసింది.

మరుసటి ఏడు జనమే వచ్చి అడిగారు: "తొట్టి తెస్తున్నావా సిస్టర్?" వెర్నెల్ అడగలేదు, ఆర్డీలియా ఇవ్వలేదు. మెల్లగా అది సిస్టర్ ప్రూయిట్ పద్యం అయిపోయింది. వెర్నెల్ ఆ తర్వాత మరే పద్యమూ చెప్పలేదు.

ఈ ఏడు జులైలో పండుగ కమిటీ చర్చి భోజనాల గదిలో కూర్చుంది. ఆర్డీలియా మనవరాలు జొనెల్ కూడా వచ్చింది. ఆ పిల్ల లూయివిల్‌లో హైస్కూలు పిల్లలకు నాటకాలు నేర్పుతుంది, వేసవి సెలవులకు నానమ్మ దగ్గరుంటుంది. సంఘ పెద్ద డీకన్ గెయిన్స్ కళ్లద్దాలు ముక్కు మీదికి దించుకుని కార్యక్రమం చెప్పుకుంటూ వెళ్లాడు.

"పాట అయ్యాక, ఎప్పట్లాగే, మన సిస్టర్ ప్రూయిట్ ఉతుకుడు."

"దాని గురించే మాట్లాడాలి," అంది జొనెల్.

"మాట్లాడేందుకేముంది? మాంసం, పద్యం. రెండిట్లో ఏది తీసేసినా జనం నన్ను పట్టుకెళ్లి నిప్పుల మీద పడేస్తారు."

"మీరు ఉడకరులే తాతా, బాగా ముదిరిపోయారు."

అందరూ నవ్వారు, డీకన్‌తో సహా. జొనెల్ మాత్రం నవ్వకుండా నానమ్మ వైపు తిరిగింది.

"నానమ్మా, కోపం తెచ్చుకోకు. పోయినేడు ఎవరో నిన్ను ఫోన్లో వీడియో తీసి ఇంటర్నెట్‌లో పెట్టారు. మా స్కూలు కుర్రాళ్లు అది చూసి, నెత్తికి తువ్వాలు చుట్టుకుని, కళ్లు తిప్పుకుంటూ వరండాలో తిరిగారు. మనవాళ్లు, మన పిల్లలే. ఆ ముసలామె మా నానమ్మరా అని చెప్పడానికి నాకు నోరు రాలేదు."

గోడ పక్కన కాఫీ పాత్ర ఒక్కటే బుడబుడమంటోంది.

"మన పెద్దవాళ్ల మాటకి మనమే వేషం కట్టి ఆడిస్తున్నట్టుంది," అంది జొనెల్, ఈసారి మెల్లగా. "ఒకప్పుడు తెల్లవాళ్లు మొహానికి మసి పూసుకుని, మనల్ని వెక్కిరిస్తూ నాటకాలాడిందీ అదే కదా."

డీకన్‌కు కోపం వచ్చింది. "ఇదిగో అమ్మాయ్! ఆ యాసని ఏమీ అనకు. మా అమ్మ అలాగే మాట్లాడేది."

"మీ అమ్మ కళ్లు తిప్పుతూ మాట్లాడేదా తాతా?"

డీకన్ కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు.

ఆర్డీలియాకు తన నానమ్మ గుర్తొచ్చింది. ఆమె మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని, అచ్చం ఆ మాటలోనే దేవుడితో మాట్లాడేది. "నీకేటి తొందరయ్యా, ఇంకొన్నాళ్లు ఉండనీ," అనేది. దేవుడు ఆ యాసకు నవ్వి ఉంటాడా? ఎప్పుడూ నవ్వి ఉండడు. అయితే మాటలో తప్పు లేదు. మరి ఎక్కడుంది?

"అసలు ఆ పద్యం అంతేనా నానమ్మా? ఎప్పుడు విన్నా ఎవరో మధ్యలో దీపం ఆర్పేసినట్టుంటుంది."

"ఇంకో చరణం ఉంది," అంది ఆర్డీలియా.

"ఉందా?" అన్నాడు డీకన్. "నాకు బుద్ధి తెలిశాక నేను విన్లేదే."

ఆర్డీలియా ఆ చరణాన్ని అక్కడికక్కడే మనసులో చెప్పుకోబోయింది. రాలేదు. గౌను గుర్తుంది, తాడు గుర్తుంది, మాటలు లేవు. ఇన్నేళ్లు నోట పలకని మాటలు ఎప్పుడు వెళ్లిపోయాయో కూడా తెలియలేదు.

"డీకన్‌గారూ, ఈ ఏడు ఆ పద్యం నేను చెప్పను. వెర్నెల్ అక్క చెబుతుంది. అది అక్కది."

"సిస్టర్ టాండీయా? ఆవిడ ఆమెన్ అనడానికే బద్ధకిస్తుంది!"

"అడుగుతాను."

మర్నాడు ఆర్డీలియా పీచ్ పళ్లతో కాబ్లర్ అనే తీపి వంటకం చేసి, పళ్లెం మీద గుడ్డ కప్పుకుని వెర్నెల్ ఇంటికి వెళ్లింది. ఎనభై దాటిన వెర్నెల్ వరండాలో కూర్చుని చిక్కుళ్లు తుంపుతోంది. పళ్లెం వంక చూసింది గాని చెయ్యి ఆపలేదు.

"ఎవరు పోయారే?"

"ఎవరూ పోలేదక్కా."

"మరి చావింటికి తెచ్చినట్టు ఈ కాబ్లర్ ఏంటి? నువ్వు ఊరికే తెచ్చే రకం కాదు."

ఆర్డీలియా పక్కన కూర్చుని, తనూ గుప్పెడు చిక్కుళ్లు ఒళ్లో వేసుకుంది. విషయం చెప్పింది. పద్యం తిరిగిచ్చేయడానికి వచ్చానంది.

వెర్నెల్ ఇంకో కాయ తుంపి గిన్నెలో వేసింది. "నాకెందుకే ఇప్పుడు? నీ ఒంటికి తగ్గట్టు కత్తిరించుకున్నావు. ఆ గుడ్డ మళ్లీ నాకు పడుతుందా?"

"ఆఖరి చరణం నాకు గుర్తు రావట్లేదక్కా. నువ్వే చెప్పాలి. నువ్వు చెప్పకపోతే ఇక దానికి దిక్కు లేదు."

"ఓహో. అదా సంగతి. పోగొట్టుకున్నాక ఇవ్వడానికొచ్చావు."

ఆర్డీలియా తల వంచుకుంది. "ఆ ఏడు నీ మొహం చూసి చెప్పలేకపోయానక్కా. పాప పోయి నాలుగు నెలలు కాలేదు. నీ ముందు ఆ మాట ఎలా అనమంటావు?"

వెర్నెల్ చేతిలో చిక్కుడు కాయ అలాగే ఉండిపోయింది.

"ఒసే పిచ్చిదానా," అంది. గొంతులో కోపం లేదు, అదే ఆర్డీలియాకు ఎక్కువ గుచ్చుకుంది. "నీకు ఎందుకిచ్చాననుకున్నావే? మొదటి చరణాలు నేను చెప్పలేకనా? అవి నిద్దట్లో చెబుతాను. ఆ ఒక్క చరణం నా నోటితో నేను అనలేక నీకిచ్చాను. నా పిల్ల సంగతి పదిమందిలో ఎవరో ఒకరు అనాలి కదా. కూర్చుని ఎదురు చూశాను. ఇదిగో వస్తుంది, ఇదిగో వస్తుంది అని. నువ్వు దండం పెట్టావు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను."

వీధిలో ఎవరో కారు హారన్ కొట్టి చెయ్యి ఊపారు. వెర్నెల్ కూడా అలవాటు కొద్దీ చెయ్యి ఊపింది.

"అప్పుడే ఎందుకు చెప్పలేదక్కా?" అంది ఆర్డీలియా.

"నువ్వు అడగలేదుగా."

ఆర్డీలియా లేచేటప్పుడు, "ఎనిమిదో తారీఖు వస్తావా?" అంది.

"మాంసానికి వస్తాను. పద్యం సంగతి నాకు తెలీదు. ఆ పళ్లెం ఇక్కడ పెట్టి వెళ్లు."

ఇంటికి నడుస్తూ ఆర్డీలియా దేవుణ్ణి ఏమీ అడగలేదు. దయ అనుకుని చేసింది దయ కాదని తెలిశాక ఏం అడగాలో తోచలేదు. మొదటి ఏడు సంగతి సరే. రెండో ఏడు, మూడో ఏడు ఎవరి గుండె కోయకూడదని ఆపేసింది? చప్పట్ల కోసమే కదా.

ఎనిమిదో తారీఖు చర్చి వెనక గుడారం కింద కుర్చీలన్నీ నిండాయి. డెట్రాయిట్ నుంచి, ఇండియానాపొలిస్ నుంచి వచ్చిన చుట్టాలు, వాళ్ల పిల్లలు, పిల్లల చేతుల్లో ఫోన్లు. కాలిన కొవ్వు వాసన గుడారం లోపలికి కొడుతోంది. వెర్నెల్ ముందు వరసలో ఊదారంగు టోపీ పెట్టుకుని కూర్చుంది. చేతికి తెల్ల తొడుగులు లేవు. "చేతులు వాచాయి, ఎక్కవు," అని పక్కామెతో అంటోంది.

పాట అయ్యాక ఆర్డీలియా ఆదివారం బట్టల్లోనే ముందుకొచ్చింది.

"తొట్టేదీ?" అని అరిచారెవరో. "తలగుడ్డ మర్చిపోయావు సిస్టర్!" అన్నారింకెవరో. నవ్వులు మొదలయ్యాయి. ఫోన్లు పైకి లేచాయి.

ఆర్డీలియా ఏమీ అనకుండా మైకు తీసుకెళ్లి వెర్నెల్ ముందు పెట్టింది. వెర్నెల్ దాన్ని పాముని చూసినట్టు చూసింది. తర్వాత, లేవకుండానే, టోపీ సర్దుకుని మొదలుపెట్టింది.

"మబ్బయ్యా, మబ్బయ్యా, ఆగిపోవయ్యా..."

కళ్లు తిప్పలేదు. పొరుగింటాయనతో మాట్లాడినట్టుంది. వెనక కుర్రాళ్లు ఇద్దరు కిసుక్కుమన్నారు. రెండో పాదం దగ్గరికొచ్చింది. అక్కడ ఆగింది. వెర్నెల్ పెదవులు కదిలాయి, మాట రాలేదు. ఫోన్లు ఇంకా పైకే ఉన్నాయి.

ఈస్టరు నాడు చిన్నపిల్లలు పద్యం మర్చిపోయి ఏడుపు మొహం పెట్టినప్పుడు చర్చి అంతా అనే మాట ఒకటుంది. వెనక నుంచి ఒక ముసలి గొంతు ఆ మాటే అంది: "పర్లేదు తల్లీ. నిదానంగా." ఇంకొకరు, "నిదానంగా అమ్మా, ఎక్కడికీ పోం." ఎనభై దాటిన వెర్నెల్‌కు ఆ మాట తగిలి మొహం చిన్నబోయింది.

ఆర్డీలియా ఆమె కుర్చీ పక్కన వంగి, తర్వాతి పాదం మెల్లగా అందించింది. వెర్నెల్ అందుకుంది. ఇంకో పాదం అందించింది. అందించడంలో ఆమెకు తెలియకుండానే డీకన్‌లు పాత కీర్తన అందించే వరస వచ్చేసింది: పుస్తకాలు లేని కాలంలో ఒకరు ముందు పాదం చదివితే సంఘమంతా దాన్ని సాగదీసి పాడేది, ఇప్పటికీ మౌంట్ నెబోలో ప్రతి నెలా మొదటి ఆదివారం అలాగే పాడతారు. చెవికి ఆ వరస తగిలేసరికి ముసలివాళ్లు ఊరుకోలేకపోయారు. ఆర్డీలియా పాదం అందించింది, వెర్నెల్ అంది, వెనక సగం గుడారం అంది.

"సబ్బరిగిపోనాది, సేతులరిగిపోనాయి..."

డీకన్ గెయిన్స్ తల పైకెత్తి తన తల్లి గొంతుతో అన్నాడు. డెట్రాయిట్ పిల్లలు పక్కవాళ్లని చూసి నోరు కదిపారు. ఒకడు ఫోను దించి ఒళ్లో పెట్టుకున్నాడు. తన నోటితో తను అంటున్న మాటకు తనే నవ్వడం ఎవరికైనా కష్టం. జొనెల్ గుడారం గుంజ పట్టుకుని నిలబడి, కళ్లు మూసుకుని, అందరితో పాటు అంటోంది.

ఆర్డీలియా అది విని ఒక్క క్షణం సంతోషపడింది. ఆ వెంటనే, ఇలా ఎప్పుడైనా చేసి ఉండొచ్చు కదా అన్న ఆలోచన వచ్చి ఆ సంతోషాన్ని మింగేసింది. ఇన్ని ఆగస్టులు, ఇది వినకుండానే పోయినవాళ్లు అంతమంది.

ఆమెకు తెలిసిన చరణాలు అయిపోయాయి. గుడారమంతా తర్వాతి పాదం కోసం ఆమె మొహం చూసింది. ఆమె దగ్గర ఏమీ లేదు. వెర్నెల్ వైపు తిరిగి, అందరికీ వినపడేలా, "నాకు రాదక్కా," అంది.

వెర్నెల్ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది. ఒంటరిగా చెప్పింది.

"తాడు సివరన గౌనొకటి ఉన్నాది సూడయ్యా,
మూరెడు గుడ్డ, దాన్ని తడపమాకయ్యా.
తొడిగే పిల్ల నీ కాడికే ఒచ్చీసినాది..."

నాలుగో పాదం దగ్గర ఆగింది. ఆర్డీలియా ఆమె పెదవులు చూస్తూ, రావాలి, రావాలి అని లోపల ప్రార్థించింది. వెర్నెల్ కళ్లు మూసుకుంది, తెరిచింది.

"పోయింది," అంది మామూలు గొంతుతో. "నిన్న రాత్రి ఉంది. ఇప్పుడు లేదు. ఒక్కదాన్నే ఎన్నాళ్లు మోసేది?"

"పర్లేదు తల్లీ," అన్నారు కొందరు. ఈసారి అది పిల్లలకు చెప్పే మాటలా లేదు. ఆర్డీలియా ఆమె పక్కన నేల మీదే కూర్చుండిపోయింది. తను ఒక్క ఏడైనా ఆ చరణం చెప్పి ఉంటే, ఈ గుడారంలో ఏ ఒక్క నోట్లోనైనా ఆ నాలుగో పాదం ఉండేది. అది ఎక్కడా అచ్చు కాలేదు. ఇక ఎవరికీ దొరకదు. మబ్బుతో ఆ ముసలామె చివరికి ఏమందో దేవుడికి తప్ప ఎవరికీ తెలియదు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వెనక వరసలో ఒక స్త్రీ మొహానికి అట్ట విసనకర్ర అడ్డం పెట్టుకుంది. కార్యక్రమం నడపాల్సిన డీకన్ గెయిన్స్ గొంతు సవరించుకుని మైకు అందుకున్నాడు.

"దేవుడికి స్తోత్రం. సిస్టర్ ప్రూయిట్ పద్యం విన్నారు, ఇప్పుడు..."

ఆయన కావాలని అనలేదు. ఏటా అలవాటైన మాట, అలా వచ్చేసింది. ఆర్డీలియా కుర్చీ పట్టుకుని లేచింది. మోకాళ్లు పట్టేశాయి, జొనెల్ పరుగున వచ్చి చెయ్యి ఇచ్చింది.

"డీకన్‌గారూ, పేరు మార్చి చెప్పండి."

"ఆఁ?"

"అది నాది కాదు. అక్క ఒక్క ఏడుకని ఇచ్చింది, నేను అట్టే పెట్టేసుకున్నాను. అందరూ వినేట్టు చెప్పండి. కార్యక్రమం కాయితంలో కూడా మార్చండి."

డీకన్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, పెళ్లికూతురి పేరు చదివినంత జాగ్రత్తగా చెప్పాడు.

"మీరు ఇప్పుడు విన్నది సిస్టర్ వెర్నెల్ టాండీ పద్యం."

ఆర్డీలియా వంగి, "చాలా ఆలస్యమైందక్కా," అంది.

"అయింది," అంది వెర్నెల్. ఆమె చెయ్యి చాపి ఆర్డీలియా మణికట్టు పట్టుకుని, కాసేపు వదల్లేదు. "ముట్టిందిలే."